తప్పు మగ్గానిదే అనుకున్నాం

ముందు తప్పు మగ్గానిదే అనుకున్నాం.

ధర్మవరంలో మా ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఒకదాని మీద మా ఆయన గంగాధర్ నేస్తాడు, ఇంకోదాని మీద నేను. మా అత్త పక్కన కూర్చుని కండెలకు పట్టు పోగు చుడుతుంది. ఆ శ్రావణంలో నా మగ్గం మీద ఎర్ర పెళ్ళిచీర ఉంది, అంచు నిండా హంసలు. ఒక హంసకు మెడ పొట్టిగా వచ్చింది. విప్పి మళ్ళీ నేశాను. తర్వాతి హంసకు మెడ బాగానే వచ్చింది గానీ ముక్కు లేదు. ఆ పైదానికి రెక్క సగంలో ఆగిపోయింది.

మగ్గం సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు గొలుసులా కట్టి ఉంటాయి. కాలితో ఒకసారి తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది, దాని చిల్లులను బట్టి పోగులు లేస్తాయి, సందులోంచి అడ్డపోగును మోసుకుని నాడె దూసుకుపోతుంది. గొలుసు ఒక చుట్టు తిరిగితే ఒక హంస పూర్తవుతుంది. అందుకే హంస చెడితే మా ఊళ్ళో ఎవరైనా తల పైకెత్తి అట్టలవైపే చూస్తారు. మేమూ చూశాం. మా ఆయన అట్టలన్నీ దించి, వీధి అరుగు మీద పరుచుకుని కూర్చుని, ఒక్కొక్కటీ తిరగేసి, కొన్ని మార్చి, మళ్ళీ కట్టాడు. పోయేవాళ్ళు ఆగి అడిగితే, "అట్టలు చెడినాయప్పా, పాతవి కదా" అని గట్టిగా చెప్పేవాడు. మగ్గం ముందు కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. చెడింది నా తల.

ఇప్పుడు బాగున్నాను. బాగున్నానని నేనంటే చాలదని తెలుసు కాబట్టి నలుగురినీ అడిగే రాస్తున్నాను. మా డాక్టరమ్మ రాయమంది. రాస్తే మతి కుదురుగా ఉంటుంది, చదివినవాళ్ళకు పనికొస్తుంది అంది. ఆవిడ మాట విని చెడిపోయింది ఇంతవరకు లేదు, వినక చెడిపోయింది ఉంది.

జబ్బు అంతకు రెండేళ్ళ ముందే మొదలైంది. పొద్దున లేస్తే వేళ్ళు విచ్చుకునేవి కాదు, నాడె పట్టు దొరికేది కాదు. నోట్లో పుండ్లు. దువ్వెన నిండా జుట్టు. కాసేపు ఎండలో నిలబడితే చాలు, రెండు బుగ్గలూ ముక్కు మీదుగా ఎర్రబడేవి. "నీకు పట్టు రంగు పడలేదు మ్మే" అంది మా అత్త. ఊళ్ళో చూపిస్తే కీళ్ళవాతం అన్నారు, నొప్పి మాత్రలిచ్చారు. మాత్ర వేసుకున్న పూట నొప్పి తగ్గేది, మర్నాడు వడ్డీతో వచ్చేది.

మా అక్క సరోజ హిందూపురంలో ఉంటుంది. చిన్నప్పటినుంచీ నా మీద ఆమెదే పెత్తనం. ఫోన్లో నా గొంతు వినగానే కోపం తెచ్చుకుంది. "ఈడ నెలకోసారి బెంగుళూరు నుంచి కీళ్ళ డాక్టరమ్మ వస్తాది. దుడ్ల సంగతి ఎనక చూసుకుందాం. ముందు నువ్వు రైలెక్కు" అంది. ఎక్కాను.

ఆ ఆసుపత్రి వరండాలో నాకు మొదట పరిచయమైన మనిషి ఓబులమ్మ. ముదిగుబ్బ దగ్గరి పల్లె ఆమెది, గొర్రెల మంద ఉంది. ఆమెకూ నాలాగే బుగ్గల మీద ఎరుపు. నన్ను ఎగాదిగా చూసి పక్కన చోటిచ్చింది. కొంగు ముడి విప్పి వేయించిన శనక్కాయలు నా చేతిలో పోసింది. "లోపలికి పోతే ఎండలోకి పోవాకు అంటాది చూడు" అంది. "నాకూ అదే చెప్పినాది. గొర్రెలు నీడలో మేస్తాయా, అదీ చెప్పమను." అన్నదే గానీ ఆమె పక్కన పెద్ద నల్ల గొడుగు ఉండనే ఉంది.

డాక్టరమ్మ కన్నడ మనిషి, తెలుగు నిదానంగా మాట్లాడుతుంది. రక్తపరీక్షలు వచ్చాక జబ్బు పేరు లూపస్ అంది. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద పడుతుందని వివరించింది. "కంచే చేను మేసినట్టా మేడం?" అన్నాను. ఆ సామెత వాళ్ళ భాషలోనూ ఉందట, నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది: ఈ మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు, ఎండ తగలకూడదు, మూత్రపరీక్ష తప్పకూడదు.

ఏడాది పైగా అలాగే నడిచింది. మధ్యలో ఒకసారి పాదాలు ఉబ్బాయి. మూత్రంలో తేడా వచ్చిందని, మూత్రపిండాలకు తగిలిందని చెప్పి స్టిరాయిడ్ మోతాదు పెంచింది. కాళ్ళ వాపు తగ్గింది. దానికి బదులుగా ముఖం ఉబ్బింది. నా ముఖం ఎప్పుడూ కోల ముఖం. అద్దంలో ఎవరో బాగా తిన్న ఇంటి మనిషి కనిపించడం మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్ళు "ఏం తింటాండావు రత్నా, మాకూ చెప్పు" అనేవారు. నవ్వేదాన్ని. ఇంట్లోకి వచ్చి ఏడ్చేదాన్ని.

ఆ తర్వాతి ఉగాది ముందు పత్యం మాట వచ్చింది. మా అత్త పుట్టిల్లు అమరాపురం వైపు. అక్కడ పసరు మందు ఇచ్చే ఇల్లొకటి ఉంది. కీళ్ళు పట్టేసిన వాళ్ళను లేపి నడిపించారని వాళ్ళకు పేరు. మా అత్త నా ముఖం చూడలేక, తనే బస్సెక్కి పోయి మందు తెచ్చింది. ఎర్రటి ఎండలో పోయి వచ్చింది, నాకోసం. అది మరిచిపోకూడదు.

పసరు మందుకు పత్యం ఉంటుంది. ఉప్పు, పులుపు, నూనె వద్దు. కడుపులో వేరే మందు ఏదీ ఉండకూడదు. మా ఇళ్ళలో ఇది చర్చకు వచ్చే విషయం కాదు. పత్యంలో ఉన్న మనిషికి పక్కింటివాళ్ళు పులుసు కూడా పంపరు, అంత మర్యాద దానికి. ఇంగ్లీషు మాత్రలు మానేస్తున్నామని మాలో ఎవరమూ అనుకోలేదు, మందు మారుస్తున్నామనే అనుకున్నాం. అక్కకు చెప్పలేదు, అరుస్తుందని. నెలనెలా ఆసుపత్రికి రమ్మంటే చీర తొందరుందని దాటేశాను.

మొదట్లో అద్భుతంగా అనిపించింది. ముఖం వాపు తీసి, నా కోల ముఖం నాకు తిరిగొచ్చింది. మా అత్త దిష్టి తీసింది. ఆ తేలిక స్టిరాయిడ్ మానినందువల్ల వచ్చిందని, లోపల జబ్బు కట్టు తెంచుకుంటోందని ఎవరికి తెలుసు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

ఎండలు పోయి ఆషాఢం వచ్చేసరికి తలనొప్పి మొదలైంది. నొప్పి ఒక లెక్క కాదు, మగ్గం వాళ్ళకు నొప్పులు కొత్త కాదు. మాట మధ్యలో మాట పోయేది. చారులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని, ఒక్కోసారి అసలు వేసేదాన్ని కాదు. మా పాప భవ్య అప్పుడు నాలుగో తరగతి. దాని జడ అల్లుతూ మధ్యలో ఆగిపోయి, తర్వాత ఏ పాయ తీయాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను. అది వెనక్కి తిరిగి, "అమ్మా, బడికి పొద్దుపోతాంది" అంది. విసురుగా దాన్ని నెట్టేశాను. నేను పిల్లమీద చేయి చేసుకునే రకం కాదు. ఎందుకు అంత కోపం వచ్చిందో ఆ రోజంతా ఆలోచించినా అందలేదు. పత్యం చప్పిడి తిండికి నీరసం అనుకున్నాను.

శ్రావణంలో హంసలు చెడడం మొదలైంది. అది చెప్పాను.

వరలక్ష్మి వ్రతానికి అక్క పిలిస్తే హిందూపురం పోయాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ఉన్నాం. "మీ వీధిలో కూడా మగ్గాలు పెట్టినారే, చెవులు పోతాండాయి" అన్నాను.

అక్క తాంబూలం నములుతూ ఆగిపోయింది. "ఈడ మగ్గాలు యాడుండాయి?"

"అదో, వినపడతా ఉండాదిగా. టకటకా."

అక్క లేచి తలుపు తీసి వీధిలోకి చూసింది. మూలమీద ఒక కుక్క పడుకుని ఉందట. ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా ఉద్యోగస్తులు. అక్క తలుపు మూసి, నా ఎదురుగా కింద కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుంది. "మాత్రలు వేసుకుంటాండావా రత్నీ?" అని అడిగింది. పత్యం సంగతి చెప్పాను. అరుస్తుందని చూశాను. అరవలేదు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే, అక్క అరవకపోయేసరికి.

మా ఆయనకు ఫోన్ చేసి పిలిపించింది. మర్నాడే డాక్టరమ్మ వచ్చే ఆదివారం. ముగ్గురం పోయి ఆ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఓబులమ్మ కూడా ఉంది, గొడుగుతో సహా. ఆమె నన్ను పలకరించింది. నేను జవాబు చెబుదామని నోరు తెరిచాను. అంతవరకే నాకు గుర్తు.

మిగతాది అక్క చెప్పింది. మూర్ఛ వచ్చి బెంచీ మీదినుంచి జారానట. చుట్టూ ఉన్నవాళ్ళు, "ఇనుము పెట్టండి చేతిలో" అని తాళంచెవుల గుత్తి నా గుప్పిట్లో కుక్కబోయారట. ఓబులమ్మ ఆ చేతులన్నీ తోసేసి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన కొంగు మడిచి తల కింద పెట్టిందట. నోట్లో ఏమీ పెట్టనివ్వలేదట. ఆమెకూ వచ్చేవి కాబట్టి నర్సు నేర్పిందట. తాళాలు కుక్కేవాళ్ళు మంచివాళ్ళే, నేనేమీ అనను. కానీ ఇది చదివినవాళ్ళు ఈసారి తాళాలు జేబులోనే ఉంచుకుని, మనిషిని పక్కకు తిప్పండి.

డాక్టరమ్మ పరుగున వచ్చి చూసి, ఆ తర్వాత మా ఆయనను అడిగిందట, ఈమధ్య ఏమైనా తేడా కనిపించిందా అని.

"హంసలు మేడం" అన్నాడట ఆయన.

ఆవిడకు అర్థం కాలేదు. మా ఆయన నిలబడే చెప్పాడట. "అట్టది తప్పైతే ప్రతి హంసకూ అదే చోట వస్తాది మేడం. గొలుసు తిరిగినప్పుడల్లా ఆ అట్ట ఆడికే వస్తాది కదా. ఈమెకు ఒక దానికి మెడ, ఒక దానికి ముక్కు, ఒక దానికి రెక్క. మనిషి తొక్కు తప్పితేనే చోటు మారతాది. నేను ఆ మగ్గం మీద కూర్చొని నేసి చూసినా. హంస బాగా వచ్చినాది."

"ఎప్పుడు చూశారు?"

"మొదటి వారంలోనే."

"మరి?"

మా ఆయన తల దించుకుని, "అట్టలు మార్చినా మేడం" అన్నాడట. అక్క ఆ ముక్క చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయనను తిడుతుంది. చెప్పేటప్పుడు ఇప్పటికీ ఏడుస్తుంది.

ఆ సాయంత్రమే బెంగుళూరు తీసుకుపోయారు. అక్కడ ఏమేం చేశారో రాయను. నాకు సరిగా తెలియదు, తెలిసినంతవరకు ఎవరికీ ముచ్చటైన విషయం కాదు. తలకు ఫోటో తీసే గొట్టంలో పడుకోబెట్టినప్పుడు ఆ చప్పుడు నాకు మగ్గం చప్పుడే అనిపించి హాయిగా పడుకున్నానట. నర్సులు మెచ్చుకున్నారట.

మూర్ఛలు ఆగాయి గానీ మనసు గాడిలో పడలేదు. నా తిండిలో రంగు కలుపుతున్నారని మొండికేశాను. పట్టుకు వేసే రంగు. కలిపేది నాకు తోడుగా వచ్చిన మా అత్త. నాకు అప్పుడది అనుమానం కాదు, కళ్ళారా చూసినంత ఖాయం. ఈ జబ్బులో అన్నిటికన్నా చెడ్డది ఇదే, అనారోగ్యంగా ఉన్నట్టే ఉండదు. కాలు నొస్తే కాలు నొస్తోందని తల చెబుతుంది. తలే చెడితే చెప్పేవాళ్ళెవరు. నాకు మాత్రం నా జీవితంలో ఎప్పుడూ లేనంత స్పష్టంగా ఉన్నట్టుండేది.

కంచం విసిరేశాను. వార్డులో అందరి ముందూ ఆమెను అనరాని మాటలన్నాను. నాకోసం ఎండలో అమరాపురం పోయివచ్చిన మనిషిని. మా అత్త వరండాలోకి పోయి కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చిందట. కంచంలో సంగటి పెట్టి, ఒక ముద్ద తీసి ముందు తను తిని, నోరు తెరిచి నాకు చూపించింది. "చూడు మ్మే, ఎర్రగా ఉండాదా, పచ్చగా ఉండాదా?" అంది. నేను చాలాసేపు చూశానట. తర్వాత తిన్నానట. ఆ రోజునుంచి ప్రతి పూటా మొదటి ముద్ద ఆమె తిన్నాకే నేను తినేదాన్ని.

మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. మబ్బు తీసినట్టు ఒక్కసారిగా ఏమీ తీయలేదు. ఒకరోజు కంచం వైపు చూస్తే, ఈమె ఎందుకు నా ముద్ద తింటోంది అనిపించింది. అడిగాను. మా అత్త నన్ను చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఉప్పు చూస్తాండానులే" అంది.

కాస్త కుదుటపడ్డాక డాక్టరమ్మను అడిగాను, లూపస్ ఉన్నవాళ్ళందరికీ ఇలా తలకు ఎక్కుతుందా అని. ఆవిడ కుర్చీ దగ్గరగా లాక్కుని చెప్పింది. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందే ఖాయంగా చెప్పడమూ కుదరదు. కానీ కొందరికి భయం ఎక్కువ. జబ్బు ఒంట్లో మంట మీద ఉన్నవాళ్ళకు, మూత్రపిండాల వంటివి అప్పటికే దెబ్బతిన్నవాళ్ళకు, ముందొకసారి తలకు వచ్చినవాళ్ళకు, మాత్రలు మధ్యలో ఆపినవాళ్ళకు. కొందరి రక్తానికి గడ్డకట్టే గుణం ఉంటుంది, దానికి వేరే పరీక్ష ఉంది, వాళ్ళకు పక్షవాతం ముప్పు. దానికి తోడు బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉంటే ఇంకా చెడ్డ. అందులో నాకు చెందినవి ఏవో ఆవిడ విడిగా చెప్పక్కరలేకపోయింది.

"ఇంకో సంగతి" అంది. "మతి తప్పినప్పుడల్లా జబ్బే అనుకోకు. స్టిరాయిడ్ ఎక్కువైనా మనసు చెదురుతుంది. ఎక్కడన్నా చీము పట్టి జ్వరం వచ్చినా అవుతుంది. ఏదన్నది తేల్చడం మా పని. మాకు చెప్పడం మీ పని. తప్పు పట్టడానికి అడగనమ్మా నేను, మీరు దాచిపెడితే నాకు కనపడదు, అంతే."

మా అమ్మ కట్టిన తాయెత్తు నా చేతికి ఉంది. అది చూపించి, తీసేయాలా అన్నాను. "తాయెత్తు ఉండనీ, మాత్ర మానకు" అంది.

కార్తీకంలో పెనుకొండ పోయాను, మా అమ్మ దగ్గరికి. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య తల నిలవదని డాక్టరమ్మే పంపింది. అమ్మ ఇంటి వెనక గడపలో కూర్చుంటే కొండమీద కోటగోడ కనిపిస్తుంది. రోజంతా దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. మళ్ళీ స్టిరాయిడ్, మళ్ళీ బూరె ముఖం. ఈసారి దాన్ని చూసి ఏడవలేదు. ముఖం పోతే పోయింది, మనిషి దొరికింది అనుకున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళు గుసగుసలాడేవారు. పిచ్చి అన్న మాట మన దగ్గర చాలా సులువుగా వస్తుంది. ఒకావిడ అమ్మతో నేను వింటుండగానే, "గాలి ఏమన్నా తగిలిందేమో" అంది. మా అమ్మ నెమ్మదిమనిషి, ఎవరినీ నొప్పించదు. ఆరోజు మాత్రం, "గాలి గాదమ్మా, జబ్బు. మీ ఇంట్లో షుగర్ ఉండాది కదా, అట్లనే" అంది. ఆ వచ్చినావిడ కాఫీ కూడా తాగకుండా పోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది భవ్య. సెలవులకు వాళ్ళ నాన్నతో వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేను నెట్టింది దానికి గుర్తుంది, ఆసుపత్రిలో అరిచింది కూడా ఎవరో చెప్పారు. దువ్వెన తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి వచ్చి నాకు వీపు పెట్టి కూర్చుంది. నిదానంగా మూడు పాయలు తీశాను. కుడిది మధ్యకు, ఎడమది మధ్యకు అని పైకే చెప్పుకుంటూ అల్లాను. చివర రబ్బరు వేసేదాకా అది కదల్లేదు. తర్వాత తడిమి చూసుకుని, "వంకరగా ఉండాది" అంది. పోయి అద్దం చూసుకుని వచ్చి, మళ్ళీ నా ఒళ్ళోనే కూర్చుంది.

ఆ రాకలోనే మా ఆయనతో పోట్లాట పెట్టుకున్నాను. పోట్లాడే ఓపిక వచ్చిందంటే బాగుపడుతున్నట్టే అని అమ్మ వంటింట్లోకి తప్పుకుంది.

"తెలిసి కూడా అట్టలు ఎందుకు మార్చినావు?" అన్నాను.

"ఏం చెప్పమంటావు? రత్న చెయ్యి పోయినాదని వీధంతా అనుకోవల్లనా?"

"అనుకుంటే ఏమి? నేను చచ్చి ఉంటే?"

"నీకు కోపమొచ్చి చెడగొడతాండావేమో అని కూడా అనుకున్యా" అన్నాడు. "నాతో మాట్లాడడం మానేసినావు గదా అప్పుడు. తప్పు మగ్గం మీదికి తోస్తే నీకు బరువుండదులే అనుకున్యా. నాకు యాడ తెలుసు, అది జబ్బని."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. కానీ అరుగు మీద అట్టలు పరుచుకుని, దారిన పోయే ప్రతివాడికీ వినిపించేలా మగ్గాన్ని తిట్టిన మనిషి కళ్ళముందు కనిపించాడు. ఇంకేమనను. ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇకమీద ఏ తేడా వచ్చినా, అది నాకు కనిపించినా ఆయనకు కనిపించినా, ఆ పూటే చెప్పుకోవాలి. దాచకూడదు, సర్దకూడదు.

తర్వాత డాక్టరమ్మ వచ్చిన ఆదివారం, ఆసుపత్రి వరండాలో ఓబులమ్మకు ఈ హంసల కథ చెప్పాను. ఆమె నవ్వింది. "మావోళ్ళు ఇంకా తెలివిగల్లోళ్ళు" అంది. "సాయంత్రం గొర్రెలు తోలుకొస్తే లెక్క తక్కువొచ్చేది. మా ఆయన దొంగలు పడినారని రెండు వారాలు కట్టె పట్టుకొని కాపలా కాసినాడు. అన్నీ దొడ్లోనే ఉండాయి. లెక్క మరిచిపోతాండింది నేను." నేను నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాను. ఆ జబ్బు వచ్చాక అంత నవ్వడం అదే మొదలు. దీన్ని అనుభవించిన మనిషి ఇంకొకరుండడం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

ఉగాది దాటాక ధర్మవరం వచ్చేశాను. మొదట కండెలు చుట్టాను. తర్వాత అంచు లేని సాదా చీరలు నేశాను. పేర్లు ఇప్పటికీ కొన్ని జారిపోతాయి. వేగంగా మాట్లాడితే తట్టుకోలేను. ఎండలో బయటికి పోవలసివస్తే గొడుగు, పొడుగు చేతుల రవిక. పోయింది కొంత తిరిగిరాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నాకు ఒకటే కావాలి, హంసల అంచు. అది వస్తే నా తల నాదేనని నమ్ముతాను. రాకపోతే ఎవరెన్ని చెప్పినా నమ్మను. మొండితనమే, కాదనను.

ఈ శ్రావణంలో అదే మగ్గం మీద పసుపు చీర ఎక్కించాం. అవే హంసలు. మొదటి రోజు ఒక్కో తొక్కుకూ ఊపిరి బిగపట్టి నేశాను. వచ్చాయి. ముక్కులతో, రెక్కలతో, పొడుగాటి మెడలతో. మూడో వారానికి పాట పాడుకుంటూ నేస్తున్నాను.

ఒక పొద్దున, హంస మెడ దగ్గర చిన్న తెంపు కనిపించింది.

కాలు ఆగిపోయింది. విప్పేసి మళ్ళీ నేస్తే ఎవరికీ తెలియదు అన్న ఆలోచన ముందు వచ్చింది. చేయి పోగు దాకా పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

"ఇదో, ఒకసారి రా ఈడికి" అన్నాను.

మా ఆయన తన మగ్గంలోంచి లేచి వచ్చాడు. వంగి చూశాడు. అట్టల వైపు తల ఎత్తలేదు. నా ముఖం చూశాడు. "మాత్రలు?"

"వేసుకున్యా."

"తలనొప్పి?"

"లేదు."

"ఏమన్నా వినపడతాండాదా?"

"నీ మగ్గం ఆగిపోయింది. ఇంకేం వినపడల్యా."

పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. "విప్పొద్దు. ఇంకో హంస నెయ్యి. ఇద్దరం చూస్తాం" అన్నాడు.

నేశాను. ఆ ఒక్క హంస కోసం ఎంతసేపు పట్టిందో తెలియదు. కాళ్ళు వచ్చాయి, పొట్ట వచ్చింది, రెక్క వచ్చింది. మెడ మొదలైంది. ఇద్దరం వంగాం. తొక్కాను, నాడె విసిరాను, పోగు బిగిసేలా పలకతో కొట్టాను.

మెడ తెగింది. సరిగ్గా అక్కడే. ముందు హంసకు ఎక్కడ తెగిందో, ఈ హంసకూ వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే.

మా ఆయన ఒక్క ఉదుటున లేచి, స్టూలెక్కి, గొలుసు తిప్పి తిప్పి ఒక అట్ట పట్టుకుని ఆగాడు. రెండు చిల్లుల మధ్య కాగితం చిరిగి ఒక్కటే చిల్లు అయిపోయింది. దాన్ని నాకు చూపిస్తూ స్టూలు మీదే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, మగ్గం మీదికి వంగి, చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

మా అత్త వంటింట్లోంచి సంగటి కంచంతో వచ్చింది. స్టూలు మీద కొడుకు, మగ్గంలో కోడలు. "ఏమైందిరా?"

"అట్ట చినిగిందత్తా" అన్నాను.

"అట్ట చినిగితే ఒకరు నగేది, ఒకరు ఏడ్చేది ఏంది?" అంది. నా పక్కన కూర్చుని, కంచంలోంచి మొదటి ముద్ద తీసి తను తిని, మిగతాది నా చేతికిచ్చింది.